పగిలినవాటి పుస్తకం

గ్రిమ్స్‌బీలో నవంబరు.
మా ప్రయోగశాల కిటికీకి సముద్రం కనిపించదు.
చేపల రేవు వాసన మాత్రం
గంట కొట్టకముందే తరగతిలోకి వచ్చేస్తుంది.

మూలన నాలుగు సొరుగుల ఇనప బీరువా.
బూడిద రంగు, నా భుజమంత ఎత్తు.
బొడిపె మీద వేలితో నొక్కితే చాలు, తాళం పడిపోతుంది.
మూయడానికి ఏమీ అక్కర్లేదు.
తెరవడానికే చెవి కావాలి.

"మోరీన్ పట్టుకుపోయి ఉంటుంది" అన్నారు అందరూ.
ముప్పైయొక్క ఏళ్లు ఇక్కడ గాజుగొట్టాలు కడిగి
జూలైలో రిటైరయిన మనిషి.
"ఈ మధ్య మతిమరుపు, పాపం" అన్నారొకరు
ఆ పాపాన్ని కాస్త సాగదీసి.
నేను బీకర్లు తుడుస్తూ ఊరుకున్నాను.

పేపరు క్లిప్పు వంచి దూర్చాను.
హెయిర్‌పిన్ను పెడితే సగం లోపలే విరిగింది.
ఆఫీసు డబ్బాలోని దిక్కులేని తాళంచెవులు పధ్నాలుగు,
సైకిలుది, లాకరుది, ఎవరిదో పియానోది,
ఒక్కొక్కటే పెట్టి చూశాను.
కొన్ని లోపలికి వెళ్లాయి. ఏదీ తిరగలేదు.
సంచిలో ఉన్న కొబ్బరినూనె కూడా పోశాను.
మా అనంతపురంలో బీగం మొరాయిస్తే
మేనత్త దాన్ని పేరు పెట్టి తిట్టేది.
నేనూ తిట్టాను, మెల్లగా, తెలుగులో.
సిగ్గులేని ఇనుము, కదల్లేదు.

గురువారం కేర్‌టేకర్ డెరిక్ వచ్చాడు.
చేతిలో స్క్రూడ్రైవరు కూడా లేదు, టీ కప్పు ఉంది.
సంతలో ఎద్దుని బేరమాడేవాడిలా
బీరువా చుట్టూ ఒకసారి తిరిగి
"అటువైపు పట్టు" అన్నాడు. "వెనక్కి పడుకోబెడదాం."

జ్వరం మనిషిని మంచం మీదికి దించినట్టు
ముందు నడుము, తర్వాత తల.
లోపల ఎక్కడో ఒక కడ్డీ
తన బరువుకి తానే జారి
టక్కుమంది.
అంతే.

"నిలబెట్టి ఎంత లాగినా రాదు" అన్నాడు,
చల్లారిన టీ తాగుతూ.

పై సొరుగుని బావిలోంచి చేదలా పైకి లాగాం.
తనిఖీకి కావలసిన ఆమ్లాల లెక్కలు,
పుదీనా బిళ్లలు, ఒంటరి ఉన్ని చేతితొడుగు,
అడుగున ఎర్ర అట్ట పుస్తకం.
మోరీన్ గుండ్రటి అక్షరాలు, ఏడాది తర్వాత ఏడాది:

గొట్టం, 1. గారెత్. చలికి చేతులు వణికాయి.
ఫ్లాస్కు, 1. నేనే.
థర్మామీటరు, 1. ట్రేసీ. వాళ్ల నాన్న పడవ నుంచి కబురు లేదు. డబ్బు తీసుకోలేదు.
బీకర్లు, 6. గాలి.

గాలి పేరు కూడా రాసింది,
అదీ ఆ తరగతి పిల్లే అన్నట్టు.
ఎవరి పేరు కిందా ఎర్రగీత లేదు.

జూలై ఆఖరి శుక్రవారం
ఆమె నా అరచేతిలో చెవి పెట్టి
తనే నా వేళ్లు మూసింది.
సెలవుల్లో, బస్సులోనో క్లీథోర్ప్స్ ఇసుకలోనో,
కోటు జేబు చిరుగులోంచి జారిపోయింది.
నోట్లో నువ్వుగింజ నానదని ఇంట్లో పేరున్నదాన్ని,
పదకొండు వారాలు నానబెట్టాను.

డెరిక్ వెళ్లిపోయాడు.
లేపడానికి రేపు ఇంకొకణ్ణి తెస్తానన్నాడు.
నోరు తెరుచుకున్న బీరువా పక్కన నేల మీద చతికిలబడి
చివరి వరస కింద రాశాను:

తాళంచెవి, 1. కుళ్లాయమ్మ.

బ్యాడ్జీ మీది పొట్టిపేరు కాదు, మొత్తం పేరు.
కారణం దగ్గర, జేబు చిరుగు, అని రాశాను.
కాసేపు చూసి
పక్కనే ఇంకో మాట చేర్చాను. భయం.

ఫోను చెవికి ఆనించుకుని కూర్చున్నాను.
మోరీన్ ఇంట్లో మోగుతోంది.